మాడిన తాలింపు

నా చేతిలో ఆవాలు మాడని రోజు లేదని మా బావ ఎగతాళి. బావ అంటే నా మొగుడే, మేనత్త కొడుకు. లారీ డ్రైవరు. మేముండేది అరవదేశం. కోవిల్‌పట్టి అగ్గిపెట్టెలు ఒరిస్సా దాకా తోలుకెళ్ళి, ఇంటికి వచ్చి రసం నోట్లో పెట్టుకోగానే, "మళ్ళా మాడ్చినావే?" అనేవాడు. నేను ఊరుకునే రకం కాదు. "లారీ పొగ మింగే నాలికకి ఇదే ఎక్కువ" అనేదాన్ని. మా కాపురం అలా నడిచేది.

తొంభైల్లో ఒక ఎండాకాలం ఒరిస్సా నుంచి జ్వరంతో దిగాడు. కోవిల్‌పట్టిలో సూది వేయించుకుని, కళుగుమలై పక్కన ఉన్న మా పల్లెకు వచ్చి పడుకున్నాడు. చలి, చెమట, మళ్ళీ చలి. తర్వాత మాట తడబడింది. అక్కడ లేని మనుషులతో మాట్లాడసాగాడు. అత్త ఆ వాలకం చూసి చెంపలు వేసుకుంది.

"అమ్మ వచ్చుండాది. ముత్యాలు లోపలుండాయి, ఇంకా పైకి రాలా."

ముత్యాలంటే అమ్మవారి పొక్కులు. ఒంటి మీద అమ్మవారు పోసిందంటే ఇంట్లో వేరే చట్టం నడుస్తుంది. మంచం చుట్టూ వేపాకు పరవాలి. సూది లేదు, మాత్ర లేదు, మనిషిని గడప దాటించకూడదు. పొయ్యి మీద తాలింపు అసలే వేయకూడదు, నూనె కాగిన వాసన తగిలితే అమ్మ కోపగించి వెళ్ళిపోతుంది. ఒక్క పొక్కయినా లేదత్తా అని నేను మొత్తుకుంటే వినేదెవరు? అమ్మ పెట్టా పెట్టదు, అడుక్కు తినా తిననివ్వదు అన్నట్టుంది మా అత్త వరస. పైగా ఆయన నోట అమ్మే పలుకుతుందని ఇరుగుపొరుగు వచ్చి మంచం ముందు కూర్చున్నారు. వాన ఎప్పుడు పడతాది, తప్పిపోయిన ఎద్దు ఏ దిక్కున ఉండాది అని ఆయన్ని అడుగుతారు. ఆయన ఏదో గొణిగితే చేతులు జోడిస్తారు. నేను కాలు కాలిన పిల్లిలా వాకిటికీ మంచానికీ తిరుగుతున్నాను.

చివరికి నేనూ వెళ్ళి మంచం దగ్గర కూర్చున్నాను. "బావా, నేనెవురు?" అన్నాను.

నా వైపు చూశాడు. ఆ చూపు నా మీద నిలవలేదు, గోడ మీదికి జారిపోయింది. ఆయన పళ్ళు బిగుసుకున్నాయి.

లేచి వంటింట్లోకి పోయాను. బాణలి పెట్టి నూనె పోసి, గుప్పెడు ఆవాలు, ఎండుమిరపకాయలు వేసి, మాడేదాకా చూస్తూ నిలబడ్డాను. పొగ ఇల్లంతా కమ్మింది. వాన సంగతి అడగడానికి వచ్చినవాళ్ళు దగ్గుకుంటూ బయటికి పరుగెత్తారు.

"ఏం పని చేస్తివే పాపిష్టిదానా! అమ్మ ఎల్లిపోతాదే!" అని అత్త గుండెలు బాదుకుంది.

"ఎల్లిపోయినాది గదా? ఇంక ఆస్పత్రికి ఎత్తండి."

దగ్గుకుంటూ పోయినవాళ్ళే తిరిగొచ్చి ఆయన్ని వ్యానులోకి ఎత్తారు. విరుదునగర్‌లో మా అన్న ఉన్నాడు కాబట్టి వ్యాను అటే పట్టించాను. దారిలో ఆయనకు మూర్ఛ వచ్చింది. ఆస్పత్రి చేరేసరికి పిలిచినా పలకలేదు. అక్కడి డాక్టరమ్మ ముందుగా అడిగింది ఒకటే, ఈయన ఎక్కడెక్కడ తిరిగి వచ్చాడని. ఒరిస్సా అనగానే రక్తం తీయించింది. మెదడుకెక్కిన మలేరియా అని తేలింది. సెలైన్‌లో క్వినైన్ ఎక్కించారు.

నాకు కూర్చోబుద్ధి కాదు, నిలబడబుద్ధి కాదు. ఆమె కనిపించినప్పుడల్లా వెంటబడి అడిగేదాన్ని. విసుక్కోకుండా అరవంలో విడమరిచి చెప్పింది. ఆ మలేరియా పురుగు మెదడులోకి దూరదట. రక్తకణాల్లో కూర్చుని, మెదడులోని సన్న నాళాల గోడలకు అంటుకుని దారి మూసేస్తుందట. నాళాలు కారి మెదడు వాస్తుందట. ఆలోచించే కణాలు ఒక్కటే కాదమ్మా, వాటికి తిండి అందించేవి, చెత్త ఎత్తేవి, గోడలు కాచేవి వేరే ఉంటాయి, అవీ చెదిరిపోయాయి, పురుగు చచ్చినా అవి కుదురుకునేదాకా మనిషి కుదురుకోడు, ఒక్కోసారి పూర్తిగా కుదురుకోకనూ పోవచ్చు అంది. మెదడుకీ వంటింటి జనం ఉంటారన్నమాట అనుకున్నాను. వాళ్ళ గొడవ పైకి ఎవరికి తెలుస్తుంది?

బావ కళ్ళు తెరిచాడు. చెవుల్లో హోరు అన్నాడు, అది క్వినైన్ వల్లేనట. నన్ను పేరు పెట్టి పిలిచాడు. ఇంటికి తెచ్చుకున్నాం.

కానీ వచ్చింది మా బావ కాదు. పెట్టింది తినేవాడు, కూర్చోమన్నచోట కూర్చునేవాడు. చెయ్యి వణికేది. లారీ మాటే ఎత్తేవాడు కాదు. ఎంత నెమ్మదస్తుడయ్యాడో అని ఊరు మెచ్చుకుంది. నాకు ఆ నెమ్మది చూస్తే ఒళ్ళు జలదరించేది. బతికినందుకు సంతోషపడాలి, పడలేకపోయాను. రోజూ కావాలనే ఆవాలు మాడ్చి రసం పోసేదాన్ని. ఆయన తలవంచుకుని తాగేవాడు. ఇంకా మాడ్చేదాన్ని. రసం నల్లబడింది. అదీ తాగేవాడు. నేను వంటింట్లోకి పోయి ఏడ్చేదాన్ని.

వానలు పడి పైరు లేచింది. ఒక మధ్యాహ్నం పరధ్యానంగా, కావాలని మాడ్చడం మరిచిపోయి మామూలు రసమే పోశాను. ఆయన ఒక గుక్క తాగి గ్లాసు దించాడు. మొహం చిట్లించాడు.

"మళ్ళా మాడ్చినావే?"

నేను గరిటె పట్టుకుని అక్కడే కూలబడ్డాను. నవ్వుతున్నానో ఏడుస్తున్నానో నాకే తెలియలేదు. ఆ పొగ పెట్టిన రోజు నుంచి నాతో మాట కలపని అత్త, అరుగు మీద నుంచి కొడుకును కసిరింది.

"మాడితే మాడినాది. నోరు మూసుకోని తాగరా."