కూలోళ్ళం కాదన్నారు

మొన్న ధర్మవరంలో ఉన్న మా చెల్లెల్ని చూసి హిందూపురం తిరిగి వస్తుంటే పెనుకొండ దాటినాక బస్సు నిలిచిపోయింది. కార్లకు సామాన్లు చేసే ఫ్యాక్టరీలు ఇప్పుడు ఆ పక్క చాలానే వచ్చాయి, వాటిలో ఏదో ఒకదాని గేటు ముందర ఒకే రంగు చొక్కాలు తొడుక్కున్న పిల్లోళ్ళు కూర్చుని రోడ్డు మీదికి కూడా వచ్చేశారు. బస్సులో ఉన్నవాళ్ళంతా వాళ్ళను తిట్టడమే. నా పక్కన కూర్చున్న పెద్దమనిషి, నీడన నిలబడి చేసే పనికి కూడా కొట్లాటేనా, మా కాలంలో యాడుండె ఈ సుఖం అని గొణిగాడు. మీ కాలంలో నువ్వేం పని చేస్తాంటివప్పా అని అడిగితే తాలూకాఫీసులో గుమాస్తానన్నాడు. ఇంక ఆయనతో ఏం మాట్లాడతాం.

కిటికీ దగ్గరికి వచ్చిన ఒక పిల్లవాణ్ణి పిలిచి సంగతేమని అడిగాను.

“ప్రెస్సు మిషన్లో మావాడి చెయ్యి పడిందవ్వా. రావద్దన్నారు. ఎందుకని అడిగితే, వాడు మా వర్కరు గాదు, పని నేర్చుకోను వచ్చినోడు అంటాండారు.”

ఆ మాటతో నాకు ఒళ్ళు మండింది. ఇంటికొచ్చి అన్నం పక్కకు జరిపి కాగితం ముందరేసుకున్నాను. అందుకే ఇది రాస్తున్నాను. నాకు అక్షరాలు వచ్చింది నలభై దాటినాక, అదీ మా వీధి వయోజన విద్య టీచరమ్మ పోరు పడలేక. తప్పులుంటే దిద్దుకోండి, విషయం మాత్రం దిద్దొద్దు.

మీలో పాత రోజుల్లో బస్సులెక్కినవాళ్ళుంటే ఒక సంగతి గుర్తుండాలి. అప్పుడు బస్సు బస్సులాగా ఫ్యాక్టరీ నుంచి వచ్చేది కాదు. ఇంజను, చక్రాలు, వాటిని కలిపే ఇనుప పట్టీలు, అంతే. దాన్ని చాసీ అనేవాళ్ళం. డ్రైవరు ముఖానికి తువ్వాలు చుట్టుకుని, చెక్కపెట్టె మీద కూర్చుని, ఎండకూ దుమ్ముకూ ఓర్చి మద్రాసు నుంచి దాన్ని తోలుకొచ్చేవాడు. అస్థిపంజరం నడిచి వచ్చినట్లుండేది. దాని మీద కట్టెతో చట్రం లేపి, రేకులు తొడిగి, కిటికీలు పెట్టి, సీట్లు బిగించి, రంగు పూసి బస్సును చేసేది మా హిందూపురంలోని బాడీ కట్టే షెడ్డు. కొత్త బండి బయటికొచ్చే రోజు దానికి పూలదండ వేసి, టెంకాయ కొట్టి, మమ్మల్నందరినీ ఎక్కించుకుని ఊరు చుట్టి వచ్చేవాళ్ళు. ఆ రంగు వాసన, కొత్త రెక్సిను వాసన, మేము నింపిన సీట్ల మీద మేమే కూర్చోవడం, ఆ సంతోషం అబద్ధమని నేననను. నేనూ ఇంకొందరు ఆడోళ్ళూ సీట్లలోకి కొబ్బరి పీచు దులిపి నింపేవాళ్ళం. ఆ దుమ్ముకు పట్టిన దగ్గు నాకు ఇప్పటికీ చలికాలంలో వస్తుంది. మా ఇంటాయన రేకులు కొట్టేవాడు. ఆయన కొట్టిన రేకు మీద చెయ్యి పెట్టి నిమిరితే యాడా గతుకు తగిలేది కాదు.

మాది పరిగి పక్క పల్లె. ఆయనది భూమి ఉన్న ఇల్లు. ఉన్న అంటే, కొలతకు ఉంది, పంటకు లేదు. బావి ఎండిపోయినాక టౌనుకొచ్చి ఈ పనిలో పడ్డాం. ఇక్కడ మా పక్క మాట ఒకటి చెప్పాలి, అది తెలియకపోతే మిగతాదంతా మీకు పిచ్చిగా ఉంటుంది. మా పల్లెల్లో కూలోడు అంటే ఇంకొకరి చేన్లో వంగినవాడు, ఒకరు పిలిస్తే పోయేవాడు. ఎకరా బీడు భూమి ఉన్న రైతును పట్టుకుని కూలోడా అంటే చెప్పుతో కొట్టినట్లే. చెప్పు దెబ్బయినా మర్చిపోతారేమో గానీ ఆ మాటను మర్చిపోరు. ఆడోళ్ళకు ఆ పట్టింపు లేదు. కలుపు తీసినా, వేరుశనగ చేన్లో చెనక్కాయలు పెరికినా, పీచు దులిపినా, కూలికి పోయొస్తి అనే చెప్పుకుంటాం. మేం ఆ మాటంటే మగవాళ్ళ పరువేం పోదు గదా.

షెడ్డు యజమానికి ఈ సంగతి బాగా తెలుసు. ఆయన ఎవరినీ కూలోడా అని పిలిచి ఎరగడు. మా పిల్లోళ్ళు అనేవాడు. మేమంతా ఆయన్ని మామా అని పిలిచేవాళ్ళం. మధ్యాహ్నం ఆయన ఇంటి నుంచే సంగటీ చెనక్కాయల చట్నీ వచ్చేవి, ఉగాదికి మగవాళ్ళకు పంచెలు పెట్టేవాడు. పని మాత్రం పొద్దు పొడిచినప్పటి నుంచి కండ్లు కనపడనంత చీకటి పడేదాకా. ఎవరికైనా జ్వరమొస్తే ఇంటికే వచ్చి పలకరించి, రేపు వస్తాండావు గదప్పా అని అడిగిపోయేవాడు. అంత ప్రేమ.

జాకీ ఒకటి చెడిపోయి ఉండింది. ఎత్తిన బరువును నిలపకుండా మెల్లగా దిగజారేది. మామా ఇది మార్చాల అని మా ఆయన చెప్పాడు, మిగతావాళ్ళూ చెప్పారు, చూద్దాంలే అబ్బా అనేవాడు. ఒకరోజు చాసీని ఎత్తి కింద దిమ్మె సర్దుతుంటే జాకీ ఒక్కసారిగా కూలింది. మా ఆయన కుడిచెయ్యి ఇనుప పట్టీకీ దిమ్మెకూ మధ్య పడింది. నేను పీచు కుప్ప దగ్గర ఉన్నాను. ఆయన అరవలేదు. మిగతావాళ్ళు అరిచారు.

ఆసుపత్రిలో వేళ్ళు ఉంచారు గానీ అవి ఇంక మడవలేదు. యజమాని వచ్చాడు, ఏడ్చాడు కూడా. బాగయ్యేదాకా ఇంట్లో ఉండు అన్నాడు. కొంచెం మానినాక మా ఆయన షెడ్డుకు పోతే ఆయన జాగాలో ఇంకొకడు రేకు కొడుతున్నాడు. రంగుల దగ్గరో, సామాన్ల గది దగ్గరో ఎడమచేత్తో చేసే పని ఏదైనా ఇయ్యి మామా అని అడిగితే, నీ మాదిరి పనోడికి గది కాపలా పని ఇచ్చి నీ మర్యాద తీయమంటావా అన్నాడట. చూడండి ఆ తెలివి. గెంటేసేది కూడా మర్యాద పేరుతోనే.

అప్పుడు షెడ్డులో మగవాళ్ళు చేసింది నేను మర్చిపోలేదు, అది కూడా చెప్పాలి. సుత్తులు కింద పెట్టి బయటికొచ్చి గోడ వారగా కూర్చున్నారు. ఆడోళ్ళం పీచు వదిలేసి వాళ్ళకు ఎదురుగా కూర్చున్నాం. సగం కట్టిన బస్సులు లోపలే నిలిచిపోయాయి. వాటి సొంతదారులు వచ్చి యజమాని మీద అరుస్తుండిరి. మేమడిగింది ఒక్కటే, మా ఆయన్ని పనిలోకి తీసుకోవాలని. యజమాని సంగటి పంపించాడు, ఎవరూ తినలేదు. ఆయన తల్లి వచ్చి, ఏం రా, నా చేతి కూడు తిన్న నోర్లేనా ఇవి అని అడిగింది. ఒక ముసలాయన కండ్లు తుడుచుకున్నాడు గానీ లేవలేదు.

మా ఆయనకు చిన్నాయన ఒకాయన ధర్మవరంలో రైల్వే ఇంజన్ల షెడ్డులో పనిచేసేవాడు. వాళ్ళకు యూనియన్ ఉండేది, చట్టాల మాటలు తెలుసు. ఆయన వచ్చి, ఇట్లా గోడకు ఆనుకుని కూర్చుంటే పని కాదు, పైకి అర్జీ పెట్టాలని చెప్పి తానే రాయించాడు. కొన్నాళ్ళకు లేబర్ ఆఫీసరు పెనుకొండకు వస్తున్నాడనీ, ట్రావెలర్స్ బంగళాలో విచారణ జరుగుతుందనీ కబురొచ్చింది. చిన్నాయనకు ఆ రోజు సెలవు దొరకలేదు. అడిగినదానికి నిజం చెప్పండి, భయపడొద్దండి, ఈడ పనిచేసే మనిషేనని తేలితే చాలు, మీ యజమాని పనిలోకి తీసుకోక తప్పదు అని ముందే చెప్పి పంపాడు.

ఆడోళ్ళు ఆఫీసు కాడికి ఎందుకన్నారు. ఆయన చేతికి గుడ్డ మార్చాలి, నేను రాకపోతే ఎవరు మారుస్తారని నేను పోయాను.

బంగళా వరండాలో ఆఫీసరు కుర్చీ వేసుకుని కూర్చున్నాడు. కోస్తా జిల్లా మనిషి, చెడ్డవాడేం కాదు. మావాళ్ళు ఉతికిన పంచెలు కట్టుకుని, తలగుడ్డలు చుట్టుకుని వచ్చి వరుసగా నిలబడ్డారు. ఆ పంచెలు ఉగాదికి యజమాని పెట్టినవే. ఆఫీసరు ఇంకా నోరు తెరవకముందే యజమాని లేచి చేతులు జోడించాడు.

“వీళ్ళను కూలోళ్ళని రాసుకుంటే నేనొప్పుకోను సార్. పరువైన ఇండ్లల్లో పుట్టినోళ్ళు. నా పిల్లోళ్ళ మాదిరి వచ్చి చేతిసాయం చేస్తాండారు. నా నోటితో ఎందుకు, వాళ్ళనే అడగండి.”

ఆ మాటకు మావాళ్ళ నడుములు నిటారు కావడం నేను వెనక నుంచి చూశాను. ఆఫీసరు మా ఆయన వైపు తిరిగాడు. నువ్వు ఆయన దగ్గర కూలీవా, కాదా అని అడిగాడు.

మా ఆయన గుడ్డ చుట్టిన చేతిని కండువా కిందికి లాక్కుని, తల ఎత్తి చెప్పాడు.

“కూలోణ్ణి గాదు సార్. పరిగి కాడ మాకు భూమి ఉండాది.”

తర్వాతవాడు అదే చెప్పాడు. ఆ తర్వాతవాడూ అదే. ఒకడు మా తాత ఊరి రెడ్డి అని కూడా కలిపాడు. వరుస చివరిదాకా ఎవడూ కూలోడు కాడు. ఇన్నాళ్ళు యజమాని కూడు ముట్టకుండా ఎండలో కూర్చున్న మనుషులు వీళ్ళేనా అనిపించింది. నేను ముందుకు పోయాను.

“నేను కూలిదాన్ని సార్. ఆ షెడ్డులోనే పీచు దులుపుతా. ఆయన రేకు కొడతాడు. ఇద్దరం ఒకే కప్పు కింద చేస్తాంటే నేను కూలిదాన్నయి ఆయన దొర ఎట్లయితాడు?”

అక్కడున్న బంట్రోతు నవ్వాడు. ఆఫీసరు నవ్వలేదు, అర్జీలో ఆడవాళ్ళ మాట లేదమ్మా, ఆయనే కాదని చెప్పినాక నేనేం రాసేది అన్నాడు. మా ఆయన నా వైపు చూసిన చూపు ఏం చెప్పను. చెయ్యి నలిగినప్పుడు కూడా ఆ ముఖంలో అంత బాధ లేదు. నలుగురిలో నేను ఆయన్ని కూలోణ్ణి చేశానని. నేను ఆయన పని నిలబెట్టాలని చూస్తే ఆయన నిలబెట్టుకున్నది వేరే.

అంతటితో అయిపోయింది. వీళ్ళు ఆయన కింద పనివాళ్ళు కారని వాళ్ళ నోటితోనే చెప్పారు కాబట్టి తగాదా ఏమీ లేదని తేలిపోయింది. యజమాని వచ్చేటప్పుడు అందరికీ కాఫీ ఇప్పించాడు. తాగారు కూడా. నేను తాగలేదు.

సాయంత్రం చిన్నాయన మా ఇంటికొచ్చి జరిగిందంతా విన్నాడు. మా ఆయన భుజం మీద చెయ్యి వేసి మెల్లగా అన్నాడు.

“ఒరే, ఆ ఆఫీసరు అడిగింది మీ పరువు గాదురా. మీరు చేసే పని సంగతి అడిగినాడు.”

అప్పుడు గానీ మా ఆయనకు ఏం పోగొట్టుకున్నాడో తెలియలేదు. తెలిసినాక గోడ వైపు తిరిగి పడుకున్నాడు. మిగతావాళ్ళు ఒక్కొక్కరే షెడ్డుకు తిరిగి పోయారు, వాళ్ళ ఇండ్లల్లోనూ పొయ్యి వెలగాలి, వాళ్ళను నేను తప్పు పట్టను. నన్ను మాత్రం యజమాని మళ్ళీ రానివ్వలేదు. నోరున్న ఆడది పిల్లోళ్ళను చెడగొడుతుందన్నాడట.

ఆ ఏడే మా ఆయన చిలమత్తూరు పక్క ఇంకొకరి చేన్లో చెనక్కాయలు పెరికే కూలికి నాతో పాటు వచ్చాడు. తలగుడ్డ కండ్ల మీదికి లాక్కుని, ఎడమచేత్తో పీకుతూ, ఎవరైనా దారిన పోతే ముఖం తిప్పుకుంటూ. ఒకరోజు గట్టు మీద కూర్చుని సంగటి తింటూ, ఆ ఒక్క మాట అనింటే నీ నోట్లో పుండ్లు పుడతాండెనా అని అడిగేశాను. ఆయన తలగుడ్డ సర్దుకుని మళ్ళీ చేన్లోకి దిగాడు. ఆయన పోయేదాకా ఆ సంగతి మళ్ళీ మా మధ్య రాలేదు. యజమాని మీద నాకున్న కోపం మామూలు కోపం. ఈయన మీద ఉన్నది అట్లాంటిది కాదు. తిట్టలేను, మర్చిపోలేను, ఇప్పుడు తిడదామన్నా మనిషి లేడు.

ఆ షెడ్డు ఎప్పుడో మూతపడింది. ఇప్పుడు ఆ జాగాలో కల్యాణ మండపం ఉంది. ఈ మధ్య బంధువుల పెండ్లికి నా కొడుకు నన్ను అక్కడికి తీసుకుపోయాడు. చలవరాళ్ళ గచ్చు, రంగురంగుల దీపాలు, చేతులకు ప్లాస్టిక్ తొడుగులు వేసుకుని వడ్డించే పిల్లోళ్ళు. పంక్తిలో నా పక్కన కూర్చున్న పెండ్లికొడుకు మేనత్త మాటల్లో మాటగా, మీ ఇంటాయన ఏం పని చేస్తాండె అవ్వా అని అడిగింది.

“కూలోడమ్మా. ఈ జాగాలోనే బస్సులు కట్టిన కూలోడు,” అన్నాను.

అవతల పక్క కూర్చున్న నా కొడుకు గబుక్కున వంగి, మా యమ్మ మాటలు అట్లనే ఉంటాయిలెండి, మా నాయన మెకానిక్కు, పల్లెలో భూమి కూడా ఉండె అని ఆమెతో చెప్పాడు. వాడు బాగా చదువుకున్నాడు, బ్యాంకులో పని చేసి రిటైరయ్యాడు, వాళ్ళ యూనియన్లో తిరిగిన మనిషి కూడా. అయినా వాని తల ఆ మాట చెప్పేటప్పుడు ఎట్లా లేచిందో నేను చూశాను. పెనుకొండ బంగళాలో లేచిన తల అదే. ఊరు మారింది, షెడ్డు పోయింది, బస్సులు తయారుగానే దిగుతున్నాయి, మామా అని పిలిపించుకునే యజమానులు లేరు. మావాళ్ళకు మాత్రం కూలోడనే మాట ఇంకా నోట్లో నుంచి రావడం లేదు.

వాణ్ణి ఏదో అందామనుకున్నాను. వాని ముఖం అచ్చం వాళ్ళ నాయనదే. ఆకు మడిచి, చేతులు కడుక్కోను లేచాను.