మిగిలిన షేర్వా

బిర్యానీ హోటలు బ్రాంచి తీసుకోవాలంటే ముందు ఓనర్లు ట్రైనింగ్ అవ్వాలన్నారు కంపెనీవాళ్ళు. మొగుడూ పెళ్ళాం ఇద్దరమూ రావాలట. మా బ్రాంచి పాయకరావుపేటలో. ట్రైనింగ్ మాత్రం మా నర్సీపట్నంలోనే, వాళ్ళ పెద్ద హోటల్లో. అది మాకు కొత్త చోటేం కాదు. పిల్లల పుట్టినరోజులన్నీ అక్కడే చేశాం. అక్కడ బిర్యానీలోకి పోసే షేర్వా రుచికి పడిపోయి మా ఆయన బ్రాంచి పెడదామన్నాడు, ఉన్న ఉద్యోగం కూడా వదిలేశాడు. ఇది కుదరకపోతే మాకు వేరే ఆధారం లేదు.

మొదటి రోజంతా శుభ్రత మీద క్లాసు. చేతులెలా కడుక్కోవాలి, టోపీలోంచి వెంట్రుక బయటికి రాకూడదు, గ్లౌజు లేకుండా గరిటె ముట్టుకోకూడదు. విశాఖ నుంచి వచ్చిన ట్రైనరు గోడ మీద బొమ్మలు వేసి మరీ చెప్పాడు. ఈ వయసులో నాకు చేతులు కడుక్కోవడం నేర్పుతున్నందుకు ఒళ్ళు మండింది. పోనీలే, శుభ్రమైన చోటే కదా అని ఊరుకున్నాను.

మర్నాడు వంటింట్లోకి తీసుకెళ్ళాడు. టేబుళ్ళ మీంచి తిరిగొచ్చిన గిన్నెలన్నీ ఒక బల్ల మీద పేర్చి ఉన్నాయి. కడగడానికి కాబోలు అనుకున్నాను. ట్రైనరు ఒక్కో గిన్నెలోకి తొంగి చూసి, మిగిలిన పెరుగు చట్నీ ఒక డబ్బాలోకి, షేర్వా పొయ్యి మీదున్న గుండిగలోకి ఒంపుతున్నాడు. ఒక షేర్వాలో అన్నం మెతుకులు తేలుతున్నాయి. దాన్ని జల్లెడలో వడకట్టి మరీ పోశాడు. గ్లౌజులు మాత్రం చక్కగా వేసుకున్నాడు! పైన పటారం, లోన లొటారం.

"ఏటండీ ఇది? ఎంగిలి కదా!" అన్నాను.

"స్పూను పెట్టకపోతే ఎంగిలి కాదు మేడం. దీన్ని వేస్ట్ కంట్రోల్ అంటాం. ఓనర్లు స్వయంగా చేసి చూపిస్తేనే సర్టిఫికెట్టు," అంటూ జల్లెడ నా చేతికిచ్చాడు.

నా పిల్లలకి ముద్దలు కలిపి పెట్టింది ఈ షేర్వాతోనే. ఇంకో గిన్నె తెమ్మని అడిగి మరీ పోయించుకున్నాం. ఛీ! ఎవరు వేళ్ళు ముంచారో, ఎవరి మూతి తగిలిందో. జల్లెడ బల్ల మీద పడేసి, పెరట్లో తూము దగ్గరికి పరిగెత్తి కక్కుకున్నాను.

మా ఆయన వెనకే వచ్చాడు. వీపు నిమురుతాడనుకున్నాను. అటూ ఇటూ చూసి గొంతు తగ్గించి, "గోల సెయ్యకే. ఇన్నాళ్ళూ తిన్నాం, ఏటైపోనాం?" అన్నాడు.

"రేపు మన హోటల్లో కూడా జనానికి ఇదే పోస్తారా?"

"అందరూ సేసేదే. బేగి మొహం కడుక్కుని రా, ఆయన సూస్తన్నాడు."

ఆ ఎంగిలి కంటే ఆ మాట నాకు ఎక్కువ రోత పుట్టించింది. టోపీ తీసి తూము దగ్గరే పారేసి ఇంటికొచ్చేశాను.

ఆయన లోపలికి వెళ్ళి జల్లెడ పట్టాడు. చివరికి ఒక్కరు పాసైనా చాలన్నారట. సర్టిఫికెట్టు ఇచ్చేశారు. పాయకరావుపేటలో బ్రాంచి బాగానే నడుస్తోంది. షేర్వా కోసం తుని నుంచి కూడా తాండవ ఏరు దాటి వస్తున్నారని గొప్పగా చెబుతాడు. నేను ఇప్పటిదాకా ఆ గుమ్మం తొక్కలేదు. మసాలా వాసన కొట్టే ఆయన చొక్కాలు ఉతకాలన్నా నాకు అసహ్యమే.

ఆయన మాత్రం రోజూ పొద్దున్నే బండి తాళం చేత పట్టుకుని మా వంటింటి గుమ్మంలో నిలబడతాడు.

"క్యారేజీ కట్టీసేవా? పప్పు కాస్త ఎక్కువెట్టు. ఆ తిండి నాను తిన్లేను."