చేతులు ముడుచుకునే పని

పురుడైన ఇంట్లో అడుగుపెట్టినవాళ్లు ఎవరైనా నేరుగా ఉయ్యాల దగ్గరికే వెళ్తారు. ముక్కు ఎవరిదో, నుదురు ఎవరిదో తేల్చేదాకా వాళ్లకు తోచదు. పక్కనే మంచం మీద కన్నతల్లి నాలుక పిడచకట్టుకుపోయి పడి ఉన్నా ఎవరి కంటా పడదు. పురుడక్క మాత్రం చెప్పులు విడిచి, చేతులు కడుక్కుని, ముందు మంచం దగ్గరికి వెళ్తుంది. "తిన్నావా తల్లీ?" అని అడుగుతుంది. ఆ ఒక్క మాటకే బావురుమన్నవాళ్లున్నారు.

పురుడక్క అన్నది జనం పెట్టిన పేరు. ఒకప్పుడు ఆమె ఆసుపత్రిలో కాన్పుల వార్డు తుడిచేది. తుడుపుకర్ర పట్టుకుని మంచాల మధ్య తిరిగే మనిషిని ఎవరూ పట్టించుకోరు కనుక అన్నీ చూసింది. ఇంటికెళ్లే రోజున కొత్త తల్లులు మెట్ల దగ్గర ఆగి, బిక్కుబిక్కుమంటూ వార్డు వైపు తిరిగి చూసే చూపు కూడా చూసింది. ఆ చూపు ఆమెను వదల్లేదు. ఒక నర్సు తన చెల్లెలికి సాయంగా పంపితే వెళ్లింది. ఆ ఇంటి నుంచి ఇంకో ఇల్లు, అక్కణ్నుంచి మరొకటి. చివరికి తుడుపుకర్ర వదిలేసింది. బాలింతలకు తోడుండటమే ఇప్పుడామె బతుకుతెరువు. వేళకింత తినిపించడం, పాలివ్వడం దగ్గరుండి నేర్పడం, తల్లి కునుకు తీస్తుంటే బిడ్డను కనిపెట్టుకుని ఉండటం, చూడవచ్చిన చుట్టాలను నొప్పించకుండా గుమ్మం దాటించడం.

ఇవన్నీ పైపై పనులే. అసలు పని చేతులు ముడుచుకుని కూర్చోవడం. బిడ్డ ఏడుస్తుంటే ఆమె చేతులు లాగేస్తాయి. ఎత్తుకుంటే చిటికెలో ఊరుకోబెట్టగలదు. అయినా ఎత్తుకోదు. తల్లి పక్కనే కూర్చుని, "ఊఁ, అలాగే, తల కింద చెయ్యి పెట్టు" అంటూ ఉంటుంది. తన బిడ్డను తానే ఊరుకోబెట్టిన తల్లి ముఖం చూడాలని ఆమెకు మహా ఆశ. దానికోసం ఎంత ఏడుపైనా భరిస్తుంది.

ఆమె భర్త ప్లంబరు, వేళాకోళం మనిషి. "మనిద్దరిదీ ఒకటే రాత. పని బాగా చేస్తే మళ్లీ పిలవరు" అంటాడు. మోకాళ్లు అరిగిపోయి ఈ మధ్య నిచ్చెన ఎక్కలేకపోతున్నాడు. ఇల్లు ఇప్పుడు ఆమె సంపాదన మీదే నడుస్తోంది. ఒక ఇంట్లో పని అయిపోయాక ఇంకో పిలుపు వచ్చేదాకా ఇద్దరూ ఫోను వైపు చూస్తూ కూర్చోవలసిందే.

అలా చూస్తుండగానే వాచీల అమ్మాయి ఇంటి నుంచి పిలుపొచ్చింది.

ఆ అమ్మాయి ఇంటి కిందే చిన్న కొట్లో వాచీలు బాగుచేస్తుంది. కంటికి భూతద్దం తగిలించుకుని నువ్వుగింజంత మరలు ఊడదీసి బిగిస్తుంది. చెయ్యి వణకదని పేరు. ఆ చెయ్యే కన్నకొడుకును ఎత్తుకోబోతే గడగడ వణికేది. మెడ ఎటు వాలిపోతుందో, ఎక్కడ జారిపోతాడో అని బిగుసుకుపోయేది. తల్లి బిగుసుకుంటే బిడ్డ ఊరుకుంటాడా? ఇల్లు పీకి పందిరేసేవాడు.

పురుడక్క తన పద్ధతి ప్రకారం పక్కన కూర్చుంది. అది చూసి అత్తగారికి ఒళ్లు మండింది. ఆవిడ చెడ్డ మనిషేం కాదు. కుట్టుమిషను తొక్కి సంసారం ఈడ్చుకొచ్చిన మనిషి. ఖాళీగా కూర్చున్నవాళ్లను చూస్తే ఆవిడకు పడదు, అంతే.

"ఏమ్మా, పిల్లాడు గుక్కపెట్టి ఏడుస్తుంటే గోళ్లు గిల్లుకుంటూ కూర్చున్నావేంటి? ఇందుకేనా నిన్ను పెట్టుకుంది?"

ఇంకెక్కడైనా అయితే పురుడక్క నవ్వుతూనే జవాబు చెప్పేది. ఆ రోజు మాత్రం భర్త మోకాళ్లు గుర్తొచ్చాయి, ఈ పని పోతే ఎలా అనిపించింది. లేచి పిల్లాణ్ని అందుకుని తువ్వాలు వేసిన భుజానికెత్తుకుంది. వీపు నిమురుతూ కూనిరాగం తీసింది. వాడు ఠక్కున ఊరుకున్నాడు.

"అబ్బ, మంత్రం వేసినట్టు ఊరుకున్నాడే!" అంది అత్తగారు.

ఆ మెప్పు పురుడక్కకు తియ్యగానే ఉంది, అబద్ధమెందుకు? మర్నాటి నుంచి వాడు కిక్కురుమంటే చాలు, తనే ఎత్తుకునేది. వాడు ఆ భుజానికి, ఆ రాగానికి, ఆ తువ్వాలు వాసనకు అలవాటుపడ్డాడు. తల్లి చేతికిస్తే మెలికలు తిరిగిపోయేవాడు. ఆ అమ్మాయి ఎత్తుకోవడమే తగ్గించేసింది. పాలు తాగించేది, వెంటనే తిరిగి ఇచ్చేసేది.

ఒక మధ్యాహ్నం అత్తగారు పురుడక్కను వంటింట్లోకి పిలిచింది.

"నువ్వు ఇక్కడే ఉండిపోమ్మా. వాడు బడికెళ్లేదాకా నెలనెలా జీతం ఇస్తాం. కోడలు కొట్టు తెరుచుకుంటుంది."

బడికెళ్లేదాకా! ఇక ఫోను వైపు చూడక్కర్లేదు, ఆయన నిచ్చెన ఎక్కక్కర్లేదు. రేపు చెప్తానండీ అని పైకి అంది గానీ, లోపల అప్పుడే ఒప్పేసుకుంది. ఆ సంతోషంతోనే గదిలోకి వెళ్లింది.

వాచీల అమ్మాయి కిటికీ దగ్గర కూర్చుని ఉంది. పిల్లాడు ఉయ్యాలలో నిద్రపోతున్నాడు.

"అత్తయ్య నాతో ముందే చెప్పింది అక్కా. ఉండిపోండి. వాడికి అమ్మంటే మీరే. నేను పాలసీసా లాంటిదాన్ని" అని నవ్వింది. ఏడ్చి ఉన్నా బాగుండేది.

పురుడక్క ఆ కళ్లలోకి చూసింది. ఆసుపత్రి మెట్ల దగ్గరి చూపే ఇది. ఈసారి దాన్ని ఈ పిల్ల కళ్లలోకి తెచ్చిపెట్టింది తనే. మాట మార్చి, "ఈ వాచీల పని ఎవరు నేర్పారు తల్లీ?" అని అడిగింది.

"మా నాన్న."

"ఎలా నేర్పారు?"

"నేర్పడమా, నా మొహమా! పక్కన కూర్చునేవాడంతే. మొదటిసారి వాచీ విప్పితే స్ప్రింగు ఎగిరి ఎక్కడో పడింది. నేను ఒకటే ఏడుపు. ఆయన మాత్రం రెండు చేతులూ చంకల్లో దోపుకుని, 'వెతుకు, ఇక్కడే ఉంటుంది' అన్నాడు." ఉయ్యాల వైపు చూస్తూ మళ్లీ అంది. "ఆయనే తీసి బిగించేసి ఉంటే, నేను మళ్లీ ఆ బల్ల దగ్గరికి వెళ్లేదాన్ని కాదేమో."

పురుడక్క నాలుక కరుచుకుంది. ఇన్నేళ్లూ తాను చేసిన పని, ఈ ఇంట్లో వదిలేసిన పని, ఆ అమ్మాయి ఏమీ ఎరక్కుండానే గుర్తుచేసింది. పాడు జీతం ఆశ, పాడు మెప్పు అని తనను తాను తిట్టుకుంది.

అంతలో ఉయ్యాలలో ఏడుపు మొదలైంది. పురుడక్క చేతులు అలవాటుగా ముందుకు లేచాయి. వాటిని వెనక్కి లాక్కుని, తన భుజం మీది తువ్వాలు తీసి అమ్మాయి భుజాన వేసింది.

"వాణ్ని నాకు అలవాటు చేసి తప్పు చేశాను తల్లీ. ఇక నేనెత్తుకోను. నువ్వెత్తుకో. వెతుకు, ఇక్కడే ఉంటుంది." అని రెండు చేతులూ చంకల్లో దోపుకుని కూర్చుంది.

అమ్మాయి ఎత్తుకుంది. వాడు మెలికలు తిరిగాడు. అత్తగారు పరుగెత్తుకొచ్చింది. "మళ్లీ ఇదేంటమ్మా, ఈ కూర్చోవడం!"

"అమ్మగారూ, మీరు మిషను నేర్చుకునేటప్పుడు చేతిలో గుడ్డ ఎవరైనా లాక్కుంటే ఏం చేసేవారు?"

"లాక్కుంటే ఊరుకునేదాన్నా? చెయ్యి విరిచేదాన్ని" అంది అత్తగారు. అన్నాక కోడలి వైపు చూసింది. పిల్లాడి కోసం చాచిన చేతులు మెల్లగా దించుకుని, పురుడక్క పక్కనే మంచం అంచున కూలబడింది.

అమ్మాయి వాణ్ని అటు తిప్పింది, ఇటు తిప్పింది. భుజానికెత్తుకుంది, దించింది. చెమటలు పట్టాయి. చివరికి వాడి చెవిని తన గొంతుకు ఆనించుకుని, పనిలో మునిగినప్పుడు తనకు తెలియకుండానే చేసే చప్పుడు చేసింది. నాలుకతో, టక్ టక్ అని. వాడు ఒక్క క్షణం ఆగాడు. మళ్లీ ఏడ్చాడు. మళ్లీ ఆగి విన్నాడు. కడుపులో ఉన్నన్నాళ్లూ కొట్లో విన్న చప్పుడే మరి! మెల్లగా వాడి పిడికిలి విచ్చుకుంది.

అమ్మాయి కదలకుండా నిలబడి, చప్పుడు ఆపకుండానే, బొటబొటా కన్నీళ్లు కార్చింది. ఇప్పుడు చెయ్యి వణకడం లేదు. అత్తగారు కొంగుతో ముక్కు తుడుచుకుంటూ, "వీడి తాతకూ అంతే, చెవిలో ఏదో ఒక చప్పుడుండాలి" అంది.

ఉండిపోలేనని పురుడక్క మర్నాడు చెప్పేసింది. ఇంటికెళ్లి భర్తకు చెబితే, ఆయన ఫోను తీసి ఇద్దరికీ కనిపించేలా బల్ల మధ్యలో పెట్టాడు. "బాగా చేసినట్టున్నావు" అన్నాడు. అది వేళాకోళం కాదని ఆమెకు తెలుసు.

పని ముగిసిన రోజు, వెళ్లే ముందు ఒక్కసారి ముద్దుపెట్టుకుందామని పురుడక్క పిల్లాణ్ని అడిగి తీసుకుంది. భుజానికెత్తుకుని పాత కూనిరాగమే తీసింది. వాడు మూతి వంకర్లు తిప్పి గుక్కపట్టాడు. అమ్మాయి కంగారుగా అందుకుని టక్ టక్ అంది. ఏడుపు ఆగిపోయింది.

"ఏమనుకోకండి అక్కా!" అంది అమ్మాయి సిగ్గుపడిపోతూ.

"ఇన్ని ఇళ్లు తిరిగాను తల్లీ, ఇంత మంచి ఏడుపు ఎక్కడా వినలేదు" అంది పురుడక్క. నవ్వుతుంటేనే కళ్లు నిండాయి.

అత్తగారు గేటు దాకా వచ్చి సాగనంపింది. తన దగ్గర బట్టలు కుట్టించుకునే ఒకావిడ కూతురికి నెలలు నిండాయట. రేపే ఫోను చేస్తారట.

"వాళ్లకు ముందే చెప్పి ఉంచాను" అంది అత్తగారు గేటు గడియ తీస్తూ. "ఆవిడ చేతులు ముడుచుకుని కూర్చుంటే లేపకండి, అప్పుడే పని చేస్తున్నట్టు, అని."