జబ్బు పడందే గీత గియ్యడు

“...అయినా మీకసలు ఏ జబ్బూ లేదు కదా, బాబాయ్ గారూ!”

“ఇప్పుడు లేదమ్మా. పొద్దున పదిన్నర దాకా ఉంది.”

డ్రాయింగుల చుట్ట చంకలో పెట్టుకుని నేను మెట్లెక్కుతుంటే వినబడ్డ మాటలివి. మొదటి గొంతు కొత్తగా క్లినిక్ పెడుతున్న కడుపు జబ్బుల డాక్టరమ్మది. రెండోది మా బాబాయిది. మా బాబాయికి ఉన్న అలవాటల్లా ఒక్కటే. జబ్బు పడందే గీత గియ్యడు.

క్లినిక్‌ల లోపలి ఏర్పాట్లు చూడటం ఆయన పని. ఏ గోడ ఎక్కడ రావాలి, కుర్చీలు ఎటు తిరిగి ఉండాలి, ఏ లైటు ఎవరి కళ్ళలో పడకూడదు, ఇవన్నీ ఆయనే తేల్చాలి. ఈ పని చేసే మిగతావాళ్ళు రంగుల పుస్తకాలు ముందేసుకుని కూర్చుంటారు. మా బాబాయి ఖాళీ గదిలోకి రోగిలా వస్తాడు. పళ్ళ డాక్టరుకైతే బుగ్గ పట్టుకుని, ఎముకల డాక్టరుకైతే కాలికి రెండు చెక్కముక్కలు కట్టుకుని. కళ్ళ డాక్టరు పని ఒప్పుకున్నప్పుడు గంతలు కట్టుకుని తిరుగుతూ, రిసెప్షన్ దగ్గరికి వచ్చాననుకుని, పెయింటరు నిచ్చెనకి తన పేరూ వయసూ చెప్పాడు. “వినబడుతోందా, లేదా?” అని నిచ్చెన మీద కోప్పడ్డాడు కూడా.

పనివాళ్ళకి ఇదంతా అలవాటైపోయింది.

“ఈ రోజు ఏం జబ్బు, బాబాయ్?” అని అడిగేవాడు కార్పెంటరు, నేను పిలిచినట్టే పిలుస్తూ.

“ఎడమ మోకాలు.”

“అయితే కిందికి దిగొద్దు. టీ మేమే పైకి తెస్తాం.”

కాన్పుల డాక్టరుకి పని చేసిన నెలలో చొక్కా లోపల దిండు కట్టుకుని ప్రతి కుర్చీలోనూ కూర్చుని లేచాడు. చివరికి కుర్చీలన్నీ మూడంగుళాలు ఎత్తు పెంచి, చేతుల్లేని వాటిని వెనక్కి పంపేశాడు. మధ్యలో దిండు సంగతి మరిచిపోయి ఎదురుగా ఉన్న టీ కొట్టుకి వెళ్ళాడు. కొట్టతను ఏమీ అడగలేదు. పంచదార మాత్రం తగ్గించి ఇచ్చాడట.

ఇంట్లో దీనివల్ల ఆయన నష్టపోయింది ఎక్కువ. ఒకసారి నిజంగానే వణుకుతూ వచ్చి, “ఏమేవ్, జ్వరంగా ఉందే,” అంటే, పిన్ని పుస్తకంలోంచి తలెత్తకుండా, “ఎవరి క్లినిక్?” అంది. థర్మామీటరు నూట రెండు చూపించాక కూడా ఒక నిమిషం దాని వైపే అనుమానంగా చూసింది.

సరే, ఆ రోజు గొడవకి వస్తాను. డాక్టరమ్మ గదిని ఆనుకుని ఐదడుగుల వెడల్పున కాస్త చోటుంది. నేను గీసిన డ్రాయింగులో అది రక్తపరీక్షల చోటు. వారం రోజులు ఊళ్ళో లేని డాక్టరమ్మ వచ్చి చూసేసరికి అక్కడ గోడ లేచింది. గోడకి తలుపు, తలుపుకి లోపలి వైపు గడియ. లోపల వాష్‌బేసిన్, రెండు కుర్చీలు.

“ఏంటి ఈ గది?” అంది డాక్టరమ్మ.

“ఏమీ చెయ్యని గది.”

“ఏమీ చెయ్యకపోవడానికి ఐదడుగులా?”

“ఆరుంటే బాగుండేది. స్తంభం అడ్డొచ్చింది.”

డాక్టరమ్మ నవ్వలేదు. ఆమె బాధలోనూ న్యాయం ఉంది. “రక్తపరీక్షకి పొద్దున్నే ఏమీ తినకుండా వస్తారండీ. వాళ్ళని మూడు వీధుల అవతలున్న ల్యాబ్‌కి ఎండలో పంపమంటారా? సోమవారం మెషిన్ వస్తోంది. సాయంత్రంలోపు ఈ గోడ తీయించండి. లేదంటే మిగతా పని వేరేవాళ్ళకి ఇచ్చేస్తాను. నేను సరదాకి అనట్లేదు.”

సరదాకి అనట్లేదని మా అందరికీ తెలిసింది. కార్పెంటరు రంపం ఆపేశాడు.

“పొద్దున నాకొచ్చిన జబ్బేంటో మీరు అడగనేలేదు,” అన్నాడు బాబాయి.

“ఏంటది?”

“జబ్బు నాది కాదు, మా ఇంట్లోవాళ్ళది. నేను రిపోర్టు చూపించుకుని మీ గదిలోంచి బయటికొచ్చాను. అంతే. ఐదు నిమిషాలు మీరు కూడా వచ్చి చూడండి. ఆ తర్వాత గోడ తీసెయ్యమంటే నా చేత్తో నేనే తీస్తా.”

జవాబు కోసం ఆగకుండా కొక్కేనికి ఉన్న ఆమె తెల్లకోటు తీసి తొడుక్కున్నాడు. కోటు చేతులు ఆయన మోచేతుల దాకానే వచ్చాయి. తర్వాత కార్పెంటరునీ, ఎలక్ట్రీషియన్‌నీ, ఇద్దరు పెయింటర్లనీ హాల్లో కుర్చీల్లో కూర్చోబెట్టాడు. కుర్చీలన్నీ డాక్టరు గది తలుపు వైపే తిరిగి ఉన్నాయి. ఆ హాలు ఇంకోలా సర్దడానికి వీల్లేదు.

“మీరు రోగులు. తలుపు తెరుచుకోగానే చూడండి. ఇంకేం చెయ్యక్కర్లేదు.”

“మాకేం జబ్బులు, బాబాయ్?”

“మీ ఇష్టం.”

పెద్ద పెయింటరు వెంటనే పక్షవాతం తీసుకున్నాడు. “నువ్వెప్పుడూ ఇంతే, కూర్చునే జబ్బులన్నీ నీకే కావాలి,” అన్నాడు కార్పెంటరు.

గదిలో డాక్టరమ్మ రోగి కుర్చీలో కూర్చుంది. కోపం పోయి నవ్వొస్తోంది ఆమెకి. బాబాయి నా చేతిలోని కరెంటు డ్రాయింగు తీసుకుని రిపోర్టులా విప్పాడు. చాలాసేపు చూశాడు. కళ్ళద్దాలు తీసి పక్కన పెట్టాడు.

“మీవారు బయట కూర్చున్నారా?”

“ఊఁ, కూర్చున్నారు,” అంది ఆమె నవ్వు ఆపుకుంటూ.

“ఇంకొక్క పరీక్ష చేయిద్దాం. రేపే తీసుకురండి. వాయిదా వెయ్యొద్దు. ఆయనకి ఇప్పుడే ఏమీ చెప్పకండి.”

డాక్టరమ్మ ఆయన మొహంలోకి చూసింది. “నేనూ ఇలాగే చెప్తాను,” అంది నెమ్మదిగా.

“బాగా చెప్తారు. ఇక బయల్దేరండి. అవతల జనం ఉన్నారు.”

ఆమె తలుపు తీసింది. నాలుగు తలలూ ఒక్కసారి ఇటు తిరిగాయి. చూడమన్నారు కాబట్టి మనసుపెట్టి చూశారు. చెప్పనివి కూడా చేశారు.

“ఏమన్నారమ్మా?” అన్నాడు ఎలక్ట్రీషియన్.

“పావుగంట పట్టింది లోపల. ఏదో పెద్దదే అయ్యుంటుంది,” అన్నాడు చిన్న పెయింటరు పక్కవాడితో, అందరికీ వినబడేలా.

పక్షవాతం మనిషి ఆత్రం పట్టలేక లేచి నిలబడి, “మీవారేనా ఈయన?” అని కార్పెంటరుని చూపించాడు.

హాలు దాటి మెట్ల దాకా పద్నాలుగు అడుగులు. డాక్టరమ్మ ఆరో అడుగులో ఆగింది. నవ్వాలని చూసింది, కుదరలేదు. వెనక్కి తిరిగి గబగబా వచ్చి ఆ చిన్నగదిలోకి వెళ్ళింది. గడియ పడిన చప్పుడైంది. తర్వాత కుళాయి చప్పుడు.

అప్పుడే భోజనం క్యారియరుతో మెట్లెక్కిన పిన్ని, “ఎవరికేమైందే?” అంది. జరిగింది చెప్పాను. పిన్ని క్యారియరు కింద పెట్టింది.

“పన్నెండేళ్ళ క్రితం నా రిపోర్టుకి మీ బాబాయి లోపలికి వెళ్ళాడు. నేను బయట హాల్లో ఉన్నాను. చాలాసేపటికి ఎటునుంచో వచ్చి, ‘ఏం లేదట, చిన్న ఆపరేషనట’ అన్నాడు నవ్వుతూ. చొక్కా అంతా తడి, ఒళ్ళంతా ఫినాయిలు కంపు. ఎక్కడ పడ్డారంటే చెప్పడు. ఏడాది తర్వాత బయటపెట్టాడు. ఆ ఆసుపత్రి మొత్తంలో తలుపు వేసుకోడానికి ఒక్కటే చోటు దొరికిందట, తుడుపు బకెట్ల గది.”

“మరి నువ్వు, పిన్నీ?”

“నాకేం, గుండ్రాయిలా ఉన్నాను. ఆ చొక్కాయే మళ్ళీ బాగుపడలేదు.”

ఆరేళ్ళుగా ఆయన దగ్గర డ్రాయింగులు గీస్తున్నాను. ప్రతి క్లినిక్‌లోనూ ఎక్కడో ఓ మూల లెక్కకి రాని చిన్న గది ఒకటి మిగిలిపోయేది. బాబాయి కొలతలు తప్పాడనుకుని, పరువు దక్కించడానికి, నేనే దాని మీద ‘స్టోర్’ అని రాసేదాన్ని.

గడియ తీసిన చప్పుడైంది. డాక్టరమ్మ బయటికొచ్చింది. గడ్డం కింద ఇంకా తడి ఉంది. ఎవరూ చెప్పకుండానే నలుగురు పనివాళ్ళూ పైకప్పు పరిశీలించడం మొదలుపెట్టారు.

బాబాయి కోటు విప్పి మడతపెట్టి ఆమె చేతికిచ్చాడు. “క్లినిక్ మీది. మీరు ఎలా అంటే అలాగే. సుత్తి తెమ్మంటారా?”

“రక్తపరీక్ష మెషిన్ నా గదిలో పెట్టండి,” అంది డాక్టరమ్మ. “నా బల్ల రెండడుగులు కోసెయ్యండి.”