గడపలు తీసేసిన ఇల్లు

మా చిన్నప్పుడు... అరవయ్యో దశకం చివర్లో, విజయనగరంలోని మా పాత బంగళాకు మరమ్మతులు మొదలయ్యాయి. ముత్తాత కట్టించిన ఇల్లు. కరెంటు పెట్టించాలి, లోపలే స్నానాలగది కట్టించాలి... కానీ స్తంభాలు, నగిషీ చెక్కిన తలుపులు, మండువా ఏవీ పోకూడదని నాన్న పట్టుదల.

పోయినవి లోపలి గదుల గడపలే.

మా నాయనమ్మకు చూపు పోయి చాలాకాలమైంది. అయినా ఎవరినీ చేయి పట్టుకోనిచ్చేది కాదు. పాదంతో గడప తడుముకుని, "ఇది వంటిల్లు... ఇది దేవుడి గది..." అనుకుంటూ ఇల్లంతా తిరిగేది. శుక్రవారం ఆ గడపలకు పసుపు తనే రాసేది.

ఓసారి గడప తట్టుకుని బోర్లా పడింది. నాన్న హడలిపోయాడు. ఆవిడను కోటబొమ్మాళిలో మా మేనత్త ఇంటికి పంపి, తిరిగొచ్చేలోగా గడపలన్నీ పీకించేసి, నున్నగా మొజాయిక్ వేయించాడు. ఆ పాత టేకును పారేయడానికి మాత్రం మనసొప్పలేదు పాపం... కోయించి, వడ్రంగి చేత నాయనమ్మ కోసం మండువాలో బల్ల చేయించాడు.

నాయనమ్మ వచ్చింది. నాలుగడుగులు వేసి ఆగిపోయింది. పాదంతో అటు వెతికింది, ఇటు వెతికింది...

"ఒరే, నానెక్కడున్నానురా?"

నాకు ఏడుపొచ్చేసింది.

"మనింట్లోనే అమ్మా... ఇంకెక్కడా కాలు తగల్దులే" అంటూ నాన్న ఆవిడను నడిపించుకెళ్లి బల్ల మీద కూర్చోబెట్టాడు. ఆవిడ చేయి చెక్క మీదికి పోయింది. తొక్కీ తొక్కీ నడుమ అరిగిపోయిన చెక్క... గభాలున లేచిపోయింది.

"గడప మీద కూకోబెట్టీసినావేట్రా నన్ను! లచ్చిందేవిరా అది!"

బల్లకు దణ్ణం పెట్టుకుంది. నాన్న మొహం చూడలేకపోయాం.

"మళ్లీ పెట్టించేస్తానమ్మా..." అన్నాడు.

"వద్దురా. కొత్త గడప నా కాలికేటి తెలుస్తాది?" అంది.

ఆ తర్వాత నాయనమ్మ ఒంటరిగా ఒక్క గదీ దాటలేదు. దేవుడి గదికి వెళ్లాలన్నా ఎవరినో ఒకరిని పిలవాల్సిందే. పగలంతా బల్ల పక్కన నేలమీద కూర్చుని, చేయి దానిమీద వేసుకునేది. శుక్రవారం అమ్మ పసుపు కలిపి ఇస్తే ఆ బల్లకే రాసేది.

ఇల్లు చూడవచ్చినవాళ్లు, "అబ్బ! పాత కళ ఏమాత్రం పోలేదండీ!" అని తెగ మెచ్చుకునేవారు. నాకు ఒళ్లు మండిపోయేది. నాన్న మాత్రం లోపలికి వెళ్లిపోయేవాడు.

ఇప్పుడు మా ఫ్లాటులో వీధి గుమ్మానికి తప్ప గడపే లేదు. మీ ఇళ్లలో లోపలి గడపలు ఇంకా ఉన్నాయా? ఉంటే, తీయించేముందు... ఆ ఇంట్లో నడిచే పెద్దవాళ్లను ఒక్క మాట అడగండి. మేం అడగలేదు.