పేరు అరువిచ్చిన టైపు సారు

మా బిడ్డకు ఉద్యోగం వచ్చిందండీ, రాసే ఉద్యోగం, నెల జీతంతో! రైతుల కోసం హైదరాబాదులో తెలుగు వెబ్‌సైటు నడిపేవాళ్లు తన బ్లాగు చదివి తీసుకున్నారు. ఆ ఉద్యోగం కాగితం మొన్న పొద్దున చేతికొచ్చింది. అంతకు ముందురోజు సాయంత్రమే మా టైపు సారు కన్నుమూశారు. రెండు సంగతులూ ఒకే నోటితో చెప్పాల్సి వస్తోంది.

నాది ఐదో తరగతి చదువు. ఎడపల్లి దగ్గర బెల్లం గానుగలో పాకం కలుపుతూ ముప్పై ఏళ్లు గడిపాను. బిడ్డ టైపు నేర్చుకుంటానంటే బోధన్‌లో సారు దగ్గర చేర్చాను. మిషన్లు మూలపడ్డాక ఆయన రెండు కంప్యూటర్లు పెట్టారు. రోజూ కొట్టు కట్టేముందు వాటికి పాత టైపు మిషన్ల గుడ్డలే కప్పేవారు. బిడ్డ బ్లాగు అక్కడే మొదలుపెట్టింది. నేను ఇంట్లో చెప్పే చెరకు కోతలు, పెనం దగ్గరి ముచ్చట్లు అన్నీ అందులోకి ఎక్కాయి. ప్రతి రాతనూ సారు పైకి చదివించేవారు. "కామా కాడ ఊపిరి తీస్కో బేటీ, సదివేటోడు గూడ మనిషే" అనేవారు. ముక్కూమొహం తెలియనివాళ్లు కూడా మెచ్చుకుంటుంటే నా సంతోషం ఏమని చెప్పను!

ఒకసారి మా గానుగ పొయ్యిలో పాత టైర్లు కాలుస్తున్న సంగతి రాసింది. ఆరేసిన బట్టల మీద రాలే మసి, పాకం మీద తేలే నల్లటి పొర, ఏదీ వదల్లేదు. నాలుగు రోజులకు యజమాని మనుషులు బస్టాండులో ఆరా తీయడం మొదలుపెట్టారు, బ్లాగు మీద ఉన్న ఆ పేరు ఎవరిదని. నేను కొట్టుకు పరుగెత్తాను. ఆ రాత తుడిచేయమని సారును బతిమాలాను.

"నేను తుడువ భయ్యా. పిల్ల అబద్ధం రాసిందా?"

"నిజమే రాసింది సారు. గందుకే భయం."

ఆయన బిడ్డ పేరు తీసేసి తన పేరు పెట్టారు. పాత పేరు తన కలం పేరేనని ఆ మనుషులకు తానే చెప్పి వచ్చారు. నాకు తెలిసి ఆయన ఆడిన అబద్ధం అదొక్కటే.

ఆ తర్వాత కొట్టు ఫోను వేళాపాళా లేకుండా మోగేది. ఎత్తితే మాట ఉండదు, ఊపిరి వినిపించేది. ఒక పొద్దున షట్టరు ముందు సగం కాలిన టైరు పడి ఉంది. సారు దాన్ని పక్కకు దొర్లించి, మట్టి పోసి పుదీన నాటారు. చాయ్‌లోకి పనికొస్తుందన్నారు. నాకు నవ్వు రాలేదు.

అలాంటి ఫోనే అనుకుని సారు ఎత్తిన రోజున, అటువైపు ఆ వెబ్‌సైటు కంపెనీవాళ్లు. ఉద్యోగం చేస్తారా అని ఆయన్నే అడిగారు.

"గీ ముసలి ఉమర్‌ల నాకు నౌకరీ దొరికింది భయ్యా. తీస్కుంటే దొంగనైత" అని నాతో చెప్పి నవ్వారు.

రాసింది తాను కాదు, ఒక అమ్మాయి అంటే వాళ్లు నమ్మలేదు. అదే మాట కాగితం మీద రాసిమ్మన్నారు, ఆ అమ్మాయి తమ ముందు కూర్చుని రాసి చూపాలన్నారు. ఇంతలో సారుకు గుండె నొప్పి వచ్చి నిజామాబాదు దవాఖానలో పడ్డారు. మేం వెళ్లగానే కాగితం అడిగారు. కింద నేను అట్ట పట్టుకున్నాను. జీవితమంతా మీటలు నొక్కిన వేళ్లు కలం పట్టాయి. రాతలన్నీ ఈ బిడ్డవే అని రాసి, సంతకం దగ్గర ఆగారు.

"ఇగ దాచుడు కుదరదు భయ్యా. నౌకరీ కావాల్నంటే పిల్ల పేరు బయటికి రావాలె. నువ్వు ఊ అంటెనే సంతకం పెడ్త."

బిడ్డ నా వైపు చూడలేదు. కలం వైపు చూస్తోంది. నేను ఊ అన్నాను.

ఆ కాగితంతోనే బిడ్డ హైదరాబాదు వెళ్లి వాళ్ల ముందు రాసి వచ్చింది. సారును మట్టి చేసి వస్తుంటే, మూసిన షట్టరు లోపల ఫోను మోగుతూనే ఉంది.

ఇక కబురు చేయాల్సినవాళ్లు: భీమ్‌గల్‌లో పెద్దన్న, వదిన. మాక్లూర్‌లో చెల్లె, బీడీలు చుట్టే ఆమె ఆడబిడ్డలు ఇద్దరు. నిజామాబాదులో బిడ్డ మేనమామ. ఎడపల్లిలో మా తమ్ముడు. బిడ్డ పేరు బయటికొచ్చిందని వాడికి మాత్రం నేనే పోయి, ఎదురుగా కూర్చుని చెప్పాలి. వాడిప్పటికీ ఆ గానుగలోనే పొయ్యి ఎగదోస్తున్నాడు.