కోర్టు గడప తొక్కిన కుక్కర్

పెళ్లయి వరంగల్ వచ్చిన ఆ మొదటి ఏడాది నాకు రెండే రెండు భయాలు. ఒకటి మా అత్తమ్మ, రెండోది కుక్కర్. అత్తమ్మ నోరు తెరిస్తే భయం, కుక్కర్ నోరు తెరవకపోతే భయం. వర్ధన్నపేట దగ్గర పల్లెలో కట్టెల పొయ్యి ముందు పెరిగినదాన్ని. (వంట నేర్చుకున్నానని మాత్రం అత్తమ్మ ముందు ఎప్పుడూ అనలేదు.) మా ఆయన ముచ్చటపడి తెచ్చిన ఆ కొత్త కుక్కర్ పక్కల నుంచి బుసబుసమని ఆవిరి వదలడమే తప్ప ఒక్క విజిల్ వేసిన పాపాన పోలేదు. అన్నం అడుగున మాడేది, పైన పలుకు మిగిలేది. అత్తమ్మ ఒక ముద్ద నోట్లో పెట్టుకుని గోడ వైపు చూస్తూ నమిలేది. అంతకంటే నాలుగు తిట్లు తిట్టినా బాగుండేది.

దుకాణం సేటు రెండుసార్లు రబ్బరు మార్చాడు. మూడోసారి వెళితే నలుగురి ముందర, "కుక్కర్ మంచిగనే ఉన్నది చెల్లె, నీకే వండస్తలేదు" అన్నాడు. ఇంటికొచ్చి ఏడ్చాను. మా ఆయన పోనిమ్మన్నాడు. నేను పోనివ్వలేదు. వాళ్లనూ వీళ్లనూ అడిగి, వినియోగదారుల కోర్టులో వకీలు లేకుండానే కేసు వేయొచ్చని తెలుసుకుని, ఏడో తరగతి చదువుతో తెల్లకాగితం నింపాను. ఏం కావాలో రాయమంటే 'కొత్త కుక్కర్' అని రాసి, కింద 'నాకు వంట వచ్చని సేటు ఒప్పుకోవాలి' అని కూడా రాశాను. (గుమాస్తా రెండోది కొట్టేయమన్నాడు. కొట్టేయలేదు.)

వాయిదా నాడు కుక్కర్ తెమ్మన్నారు. అక్కడే వచ్చింది చిక్కు. ఉత్త గిన్నె పట్టుకుని ఇంకొకరి గడప తొక్కడం మా అత్తమ్మ ఇంటా వంటా లేదు. అది ఇల్లు కాదు, కోర్టు అంటే, కోర్టుకు గడప లేదా అంది. పొద్దున్నే గంజు గిన్నెలో పులిహోర చేసి, కుక్కర్ నిండా కూరి, తనూ ఆటో ఎక్కింది.

మా పేరు పిలవకముందే మధ్యాహ్నం దాటిపోయింది. వరండాలో ఎదుటి బెంచీ మీద సేటు ఆకలితో వాడిపోయి కూర్చున్నాడు. ఎదుట మనిషిని పెట్టుకుని తినడమూ అత్తమ్మకు చేతకాదు. పేపరు ముక్కలో పెట్టి ఇచ్చింది. సేటు మళ్లీ పెట్టించుకున్నాడు. మూడోసారి వద్దు వద్దంటూనే పేపరు చాపాడు.

అంత తిన్నవాడు లోపలికెళ్లి ఏమన్నాడో తెలుసా? "దీంట్ల వంట గాదంటాంది ఈమె, మేడం. మరి ఈ పులిహోర ఏడికెల్లొచ్చింది?"

తీర్పు చెప్పే మేడం మూత తీస్తే గది నిండా పోపు వాసన. గంజులో చేసి ఇందులో పోశామని ఎలాగో చెప్పాను. మేడం సేటు ఇచ్చిన జవాబు కాగితం చదివారు. అందులోనూ అదే మాట, ఈమెకు వంట రాదని.

"ఎవరు చేసింరమ్మా ఇది?"

నేను వెనక్కి చూడలేదు. "నేనే మేడం."

వెనకాల అత్తమ్మ నిలబడి ఉంది.

"ఎట్లున్నదయ్యా?" అని మేడం సేటును అడిగారు. సేటు పసుపంటిన వేళ్లను వెనక్కి దాచుకుని, మంచిగనే ఉందని నసిగాడు. అయితే ఈమెకు వంట వచ్చినట్టే కదా, ఇక ఇక్కడే స్టవ్ తెప్పించి కుక్కర్ సంగతి చూద్దామా, కొత్తది ఇస్తావా అన్నారు మేడం. కొత్తది ఇస్తానని సేటు సంతకం పెట్టాడు.

తిరిగొచ్చేటప్పుడు ఆటోలో అత్తమ్మ తన ఒళ్లో కుక్కర్ సర్దుకుంటూ, "కోర్టుల అబద్ధమాడినవ్ బిడ్డా. ఇగ దాన్ని నిజం జెయ్యాలె. రేపు పొద్దుగాల నా పక్కన నిలవడు" అంది.

ఇప్పుడు మా చుట్టాల ఇళ్లలో ఏ కార్యమైనా పులిహోర నేనే చేయాలి. ఎవరు చేశారని అడిగితే నేనే అంటాను. అన్నాక మాత్రం ఒకసారి వెనక్కి చూస్తాను.